అంచు ఎవరి పని?

మూసారాంబాగ్ మెట్రో స్టేషన్ దిగి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి వైపు నడిస్తే దారి పొడవునా కోచింగ్ సెంటర్ల బోర్డులే. గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు పరీక్షలు, సాఫ్ట్‌వేర్ కోర్సులు. క్లాసులో చెప్పే పాఠం ఇప్పుడు ఫోన్లోకి కూడా ఎక్కాలి కాబట్టి చుట్టుపక్కల సందుల్లో అపార్ట్‌మెంటు బెడ్‌రూమే స్టూడియో అయిపోతోంది. గోడకి గ్రీన్ మ్యాట్, రెండు లైట్లు, ఒక కెమెరా, చప్పుడొస్తుందని ఏసీ ఆపేసిన గదిలో చెమట తుడుచుకుంటూ పాఠం చెప్పే సారు. వీడియో బయటికొచ్చేసరికి సారు వెనక బ్రహ్మాండమైన డిజిటల్ క్లాస్‌రూమ్ ఉంటుంది, సారు జుట్టు చుట్టూ మాత్రం సన్నటి పచ్చ గీత వణుకుతూ ఉంటుంది. ఆ గీత ఎవరి తప్పు అన్నదే ఇక్కడి వాదం. ఒక పక్క కెమెరామన్, ఇంకో పక్క ఎడిటర్. ఇద్దరూ వాదం కోసం కల్పించినవాళ్ళే. నా మొగ్గు కెమెరామన్ వైపేనని ముందే చెప్పేస్తున్నాను. అట్లాగని ఎడిటర్ని ఓడించడానికే తెచ్చి నిలబెట్టలేదు. ఒకచోట అతని మాటే నెగ్గుతుంది.

ఎడిటర్: అన్నా, ఎప్పుడు చూడు లైటింగ్, లైటింగ్ అంటావు. అది పాతకాలం మాట. ఇప్పుడు పచ్చని తీసేసే కీయర్లు బోలెడు, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో కీలైట్ ఉంది, ప్రీమియర్‌లో అల్ట్రా కీ ఉంది, రిజాల్వ్‌లో డెల్టా కీయర్ ఉంది. పచ్చ మీద ఒక్క క్లిక్కు, క్లిప్ బ్లాక్ కొంచెం పైకి, క్లిప్ వైట్ కొంచెం కిందికి, పైన మనిషి మీద పడ్డ పచ్చని తగ్గించే స్పిల్ సప్రెషన్. అయిపోయింది. మిగిలింది ఏఐ చూసుకుంటుంది. మనం తీసేది సినిమా కాదు, ఇండియన్ పాలిటీ పాఠం. పిల్లలు చూసేది ఆరంగుళాల ఫోన్లో, అది కూడా ఒకటిన్నర స్పీడులో. దానికోసం గంటసేపు గుడ్డ ఇస్త్రీ చేసి, లైట్లు జరిపి, సారు వచ్చి నిలబడ్డాక మళ్ళీ జరిపి... ఎవరికుంది టైము? షూటింగులో గంట పోతే సారు గంట పోతుంది. ఎడిటింగులో గంట పోతే నా గంటే పోతుంది. రెంటిలో ఏది చవకో సెంటర్ ఓనరుకి బాగా తెలుసు.

కెమెరామన్: నీ గంట చవకని నువ్వే ఒప్పుకుంటే నేనేం చెప్పను తమ్మీ. డబ్బుల లెక్క తర్వాత చూద్దాం, ముందు ఆ అంచులో ఏముందో చూడు. ఒక ఫ్రేమ్ ఆపి, సారు చెవి పైన జుట్టు దగ్గర బాగా జూమ్ చెయ్యి. మ్యాట్ మీది పిక్సెల్లో ఎరుపు 60, పచ్చ 180, నీలం 70 అనుకో. జుట్టు లోపలి పిక్సెల్లో ఎరుపు 40, పచ్చ 32, నీలం 28. ఈ రెంటి నడుమ, వెంట్రుక సగం మ్యాట్ సగం పడ్డ పిక్సెల్ ఒకటుంటుంది. అందులో 50, 106, 49. కీయర్ మూలంలో చేసేది చిన్న తీసివేత. ఎరుపు, నీలాల్లో ఏది పెద్దదో దాన్ని పచ్చలోంచి తీసేస్తుంది. మ్యాట్ మీద 110 వచ్చింది, కాబట్టి అది మొత్తం పోవాలి. జుట్టులో సున్నా కిందికి పోయింది, అది మొత్తం ఉండాలి. అంచు పిక్సెల్లో 56 వచ్చింది, అంటే 110లో ఇంచుమించు సగం. అది సగం ఉండి సగం పోవాలి. ఎంత బాగా కుదిరిందో చూడు. ఈ తీసివేత ఆలోచన పెట్రో వ్లాహోస్‌ది, 1959 నాటి బెన్‌హర్ కోసం నీలం తెర మీద సాధించాడు. నువ్వు చెప్పినవాటిలో కీలైట్ లాంటివి దానికి ఎన్ని హంగులు తొడిగినా లోపలి లెక్క ఆ కుటుంబానిదే.

ఇప్పుడు నీ పద్ధతిలో తీద్దాం. ఒక్క లైటే మ్యాట్ నడిమధ్య పడింది, మూల మసకగా ఉంది. మూలలో 40, 120, 46. తీసివేస్తే 74. 110 పోవాల్సిన చోట 74 పోతే మూడోవంతు మరక మిగులుతుంది. నువ్వేం చేస్తావు? 74 వస్తే చాలు మొత్తం పోయేట్టు క్లిప్ చేస్తావు. మూల శుభ్రమైంది. కానీ మధ్యలో ఉన్న మన సగం వెంట్రుక 56 కదా, ఇప్పుడది 74లో 56. మూడొంతులకు పైగా మాయం. మూలన మరక తుడవబోయి సారు నెత్తిన వెంట్రుకలు పీకేశావు. ఇంకో కేసు చూడు. సారు మ్యాటుకి ఆనుకున్నట్టు నిలబడ్డాడు, దాని మీది పచ్చ వెలుగు జుట్టు మీదికి తిరిగొచ్చింది. జుట్టు లోపలి పిక్సెల్ 40, 62, 30 అయింది. తీసివేస్తే 22. తలలో ఐదోవంతు చిల్లు. దాన్ని పూడ్చడానికి అటువైపు నుంచి క్లిప్ చేస్తావు. రెండు వైపుల నుంచీ నొక్కేశాక మధ్యలో మెత్తగా ఉండాల్సిన అంచుకి చోటే మిగలదు. అది నీ చేతకానితనం కాదు. నీ దగ్గరికి వచ్చేసరికే ఆ నంబర్లు చెడిపోయాయి.

ఎడిటర్: నువ్వు చెప్పేది ఒకే కీ వేసి చేతులు దులుపుకునేవాడి సంగతి. నేను రెండు కీలు వేస్తాను. లోపలి శరీరానికి గట్టిగా ఒకటి, అంచుకి మెత్తగా ఒకటి. మూలలు గార్బేజ్ మాస్క్‌తో ముందే కోసేస్తాను, కాబట్టి మూలల్లో మరక నా సమస్యే కాదు. అయినా ఈ తీసివేతల కాలం అయిపోయింది అన్నా. వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు 2020లో బ్యాక్‌గ్రౌండ్ మ్యాటింగ్ అని తెచ్చారు. ఖాళీ గదిని ఒక ఫోటో తీసి ఇస్తే చాలు, మనిషిని వెంట్రుకలతో సహా విడదీస్తుంది. 2021లో రోబస్ట్ వీడియో మ్యాటింగ్ వచ్చింది, దానికి ఆ ఫోటో కూడా అక్కర్లేదు. గుడ్డే అక్కర్లేని రోజులొస్తే గుడ్డ మీద లైటు సమానంగా పడిందా లేదా అని కొట్టుకుంటామా?

కెమెరామన్: మూల కోసేస్తావు సరే. సారు భుజం పక్కన ఒక రకం పచ్చ, తల పైన ఇంకో రకం పచ్చ ఉంటే ఏం కోస్తావు? మనిషి అంచు పొడుగునా ఉన్న పచ్చ ఒక్కలా ఉండాలి, నేను అడిగేది అంతే. ఏఐ సంగతికొద్దాం. అంచు పిక్సెల్లో నీకు తెలిసినవి మూడు అంకెలు. తెలియనివి ఏడు: మనిషి రంగు మూడు, వెనకాల రంగు మూడు, ఎంత భాగం మనిషి అన్నది ఒకటి. మూడు సమీకరణాలతో ఏడు తెలియనివి ఎట్లా తేలతాయి? పచ్చ గుడ్డ కట్టామంటే వెనకాల రంగు మనకి తెలిసిపోయినట్టే, అప్పుడు తెలియనివి నాలుగే. అప్పటికీ ఒకటి తక్కువే. ఆల్వీ రే స్మిత్, జేమ్స్ బ్లిన్ 1996లోనే ఇదంతా లెక్కగట్టి రాశారు. రెండు వేర్వేరు రంగుల ముందు అదే వస్తువుని కదలకుండా తీస్తే, దాని రంగు ఏదైనా కచ్చితమైన జవాబు వస్తుందని చూపించారు. పాఠం చెప్పే సారు రెండోసారి వెంట్రుకవాసి తేడా లేకుండా అట్లాగే చెయ్యి ఊపడు కదా. అంటే ఏ కీయరైనా ఊహించాల్సిందే. పాలూ నీళ్ళూ కలిపి పోసి హంసని వెతుక్కురమ్మన్నట్టుంది నీ పని. నేనడిగేది, ఆ నీళ్ళు ఏ బావివో, ఎన్ని పోశామో ముందే తెలిసేట్టు చేద్దామని.

ఏఐ కూడా ఊహే. మామూలు జుట్టు, మామూలు చొక్కా అది చాలా చూసింది కాబట్టి బాగా ఊహిస్తుంది. మేడమ్ జడలో మల్లెదండ చివర వేలాడే నాలుగు పూలు మనిషిలో భాగమా, వెనక గోడలో భాగమా? కెమిస్ట్రీ సారు చేతిలో మాలిక్యూల్ మోడల్లోని సన్నటి పుల్లల మధ్య ఖాళీ సంగతేంటి? షిఫాన్ చున్నీలోంచి కనపడేదేంటి? ఈ ఫ్రేములో ఒకటంటుంది, రెండు ఫ్రేములయ్యాక ఇంకోటంటుంది. నిలబడ్డ మనిషి అంచు ఉడుకుతున్నట్టు కదులుతుంది. పచ్చ గుడ్డ ముందు అయితే పువ్వుకీ పుల్లకీ తేడా లేదు. ఏది పచ్చ కాదో అది ఉంటుంది.

ఇక్కడ నా మాట ఒకటి. సాధనం మెరుగుపడ్డ ప్రతిసారీ ఈ వాదం కొత్తగా మొదలవుతుంది. 1940లో వచ్చిన ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్‌లో లారీ బట్లర్ నీలం తెరతో మాయలు చేసి ఆస్కార్ అందుకున్నాడు. 1964లో మేరీ పాపిన్స్ తీసినవాళ్ళు పసుపు సోడియం దీపాలతో వెలిగించిన తెర ముందు నటులని నిలబెట్టి, కెమెరాలో పట్టకం పెట్టి, ఆ ఒక్క పసుపు వెలుగుని వేరే ఫిల్మ్ మీదికి మళ్ళించారు. ముఖాన కట్టుకున్న పల్చటి వల కూడా దాంట్లో చెక్కుచెదరలేదు, ఎందుకంటే అక్కడ ఊహే లేదు, అంచు షూటింగులోనే విడిగా నమోదైపోయింది. మన దగ్గర 1957లో మాయాబజార్‌కి మార్కస్ బార్ట్లీ కెమెరా పట్టిన రోజుల్లోనూ, 1961లో సీతారామ కల్యాణంతో రవికాంత్ నగాయిచ్ వచ్చిన రోజుల్లోనూ ట్రిక్ షాట్ సంగతి చాలావరకు కెమెరాలోనే తేలిపోవాలి. వాళ్ళకి వేరే దారి లేక అట్లా చేశారని ఎడిటర్ అనొచ్చు. నిజమే. కానీ దారి లేనప్పుడు పుట్టిన జాగ్రత్త దారి దొరికాక పనికిరాదని అర్థం కాదు. ఎడిటర్ దీన్ని ఎట్లా తిప్పికొడతాడో నాకు తెలుసు.

ఎడిటర్: బాహుబలి చూడు అన్నా, 2015లో. జలపాతం దగ్గర షాట్లు ఎన్నో ఉన్నాయి. అన్నీ సమానంగా లైట్ చేశాకే షూట్ చేశారంటావా? అయినా విజువల్ ఎఫెక్ట్స్‌కి జాతీయ అవార్డు వచ్చింది. అంతకుముందు ఈగకీ వచ్చింది. చివరికి గెలిచేది కంప్యూటర్ ముందు కూర్చున్నవాడే.

కెమెరామన్: అట్లా కూర్చున్నవాళ్ళు ఎంతమందో కూడా చెప్పు మరి. సినిమాలో ఒక షాటు నాలుగైదు సెకన్లు. దాని మీద ఫ్రేము ఫ్రేముకీ అంచు చేత్తో గీసే రోటోవాళ్ళు, పెయింట్ చేసేవాళ్ళు, పొరలన్నీ కలిపే కంప్‌వాళ్ళు, పైన సూపర్‌వైజరు, ఇట్లాంటి స్టూడియోలు ఒకటి కాదు అనేకం. మన పాఠం గంట. సెకనుకి 25 ఫ్రేముల లెక్కన 90,000 ఫ్రేములు. దానికి ఉన్నది నువ్వొక్కడివి, రేపు పొద్దున్నే ఇంకో పాఠం అప్‌లోడ్ అవ్వాలి. చేత్తో దిద్దే భాగ్యం సినిమావాళ్ళకుంది, మనకి లేదు. డబ్బున్నవాడు షూటింగులో నిర్లక్ష్యం చేసి తర్వాత కొనుక్కోగలడు. డబ్బు లేనివాడే షూటింగులో జాగ్రత్త పడాలి. ఓనరు లెక్క అంటావా, సారు ఒక్కసారి ఇరవై నిమిషాలు ఆగితే కోర్సు మొత్తానికి ఒకే సెట్టింగు పనికొస్తుంది. ఆగకపోతే ప్రతి పాఠానికీ నీ కీ మళ్ళీ మొదటికే. ఇక ఫోన్లో ఎవరు చూస్తారంటావు గానీ, చిన్న తెరలో పెద్ద మచ్చ కనపడకపోవచ్చు, వణికే అంచు మాత్రం కనపడుతుంది. కదిలేదాని మీదికే కన్ను పోతుంది, ఆ కన్ను ఆర్టికల్ 32 మీద ఉండాలి. పైగా యూట్యూబ్ మళ్ళీ కంప్రెస్ చేస్తుంది. వణికే అంచు కూడా దానికి కదలికే, ఉన్న బిట్లలో కొన్ని అక్కడ ఖర్చయిపోతాయి, పక్కనున్న అక్షరాలు అలుక్కుపోతాయి.

ఎడిటర్: సరే, ఒప్పుకున్నాను అనుకో. జాగా ఏది? పుస్తకాల్లో మనిషికీ మ్యాటుకీ పదడుగుల దూరం అని రాస్తారు. మనకున్నది పది బై పన్నెండు గది. అందులో బీరువా కూడా ఉంది. కెమెరా చూస్తే మామూలు మిర్రర్‌లెస్, ఎనిమిది బిట్లు, 4:2:0. పెద్ద స్టూడియో అద్దె కట్టేవాళ్ళకి నీ సూత్రాలు చెప్పు, మూసారాంబాగ్‌లో చెప్పకు.

కెమెరామన్: ఇక్కడే చెప్పాలి. దూరం ఎందుకు అడుగుతారు? మనిషి చుట్టూ ఎంత పచ్చ కనపడితే అంత పచ్చ వెలుగు మనిషి మీద పడుతుంది కాబట్టి. దూరం జరగలేకపోతే పచ్చనే తగ్గించు. నువ్వే అన్నావు గదా, మూలలు గార్బేజ్ మాస్క్‌తో కోసేస్తానని. కోసేసే పచ్చ గదిలో ఎందుకు? నడుము దాకా తీసే షాటుకి సారు వెనక ఐదడుగుల వెడల్పు గుడ్డ చాలు, మిగతా గోడంతా నల్ల గుడ్డ కప్పెయ్యి. నేల మీద పచ్చ అసలే వద్దు. తెల్ల సున్నం గోడలు పచ్చని ఒకదాని మీది నుంచి ఇంకోదాని మీదికి విసురుతుంటాయి, వాటి ముందు ఫ్రేము బయట అటొకటి ఇటొకటి నల్ల కట్టర్లు నిలబెట్టు, చెంపలూ చెవులూ శుభ్రంగా వస్తాయి. కెమెరాని గుమ్మం అవతల హాల్లో పెట్టి 85 ఎంఎం లెన్స్ వెయ్యి. లాంగ్ లెన్స్‌కి వెనకాల కనపడే గుడ్డ తక్కువ, సారు అయిదారు అడుగులు ముందుకి రావచ్చు. ఇక మ్యాట్ ఎంత వెలిగితే అంత మంచిదని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. ముఖం మీది వెలుగు కంటే మ్యాట్ కొంచెం తక్కువగానే ఉండాలి, కానీ అంతటా ఒకేలా ఉండాలి. రెండు ఎల్‌ఈడీ ట్యూబులు నిలువుగా, అటూ ఇటూ సమాన దూరంలో పెట్టు. గుడ్డ మెరిసే శాటిన్ కాకూడదు, మామూలు నూలు గుడ్డ, నాలుగు వైపులా క్లిప్పులతో లాగి కట్టాలి. మడత పడ్డచోట నీడ, నీడ పడ్డచోట ఇంకో పచ్చ.

కెమెరాకొస్తే, 4:2:0 అంటే వెలుగు ప్రతి పిక్సెల్‌కీ రాసుకుని, రంగు మాత్రం నాలుగింటికి కలిపి ఒకటే రాస్తుంది. 1920 బై 1080 ఫ్రేములో రంగు నిజానికి 960 బై 540. మన కీ అంతా రంగు మీదే నడుస్తుంది, అంటే సగం సైజు బొమ్మ మీద వెంట్రుకలు కోస్తున్నట్టు. అందుకని 4కేలో తియ్యి. అందులో రంగు 1920 బై 1080 ఉంటుంది. 1080 టైమ్‌లైన్లో పెడితే రంగు పూర్తిగా ఉన్నట్టే లెక్క. దీనికి రూపాయి ఖర్చు లేదు, మెమరీ కార్డు తప్ప. మెనూలోకి వెళ్ళి షార్ప్‌నెస్ కిందికి దించెయ్యి. కెమెరా అంచుకి ఇటొక తెల్ల గీత అటొక నల్ల గీత గీసి పదునని చూపిస్తుంది, కీయర్ ఆ గీతని నిజమనుకుంటుంది. వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ లాక్ చెయ్యి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షటర్ 1/100 పెడితే లైట్లు మిణుకుమనవు, చెయ్యి ఊపినప్పుడు బ్లర్ కూడా 1/50లో వచ్చేదాంట్లో సగమే.

ఎడిటర్: ఇన్ని చెప్పావు, ఒక్కటి మర్చిపోయావు. అంచు నీ పచ్చ దగ్గర పూర్తవ్వదు, నేను పెట్టే బ్యాక్‌గ్రౌండ్ దగ్గర పూర్తవుతుంది. నువ్వు ఎంత చక్కగా తీసినా, ఓనరు తెల్లటి వైట్‌బోర్డు బ్యాక్‌గ్రౌండ్ కావాలంటే నల్ల జుట్టు చుట్టూ మురికి గీత కనపడి తీరుతుంది. మ్యాట్ వెలుగు ఒక మోస్తరు, వెనకాల తెలుపు కళ్ళు చెదిరేంత. సగం వెంట్రుకలో మిగిలిన కొంచెం చీకటి తెలుపు మీద బయటపడిపోతుంది. అదే అంచు బూడిద నీలం గోడ మీద పెడితే ఎవరికీ కనపడదు. నేను చేసే పనేంటంటే, వెనకాల బొమ్మలోని వెలుగుని కొంచెం జుట్టు అంచు మీదికి ఒలకబోస్తాను, లైట్ ర్యాప్ అంటారు. బ్యాక్‌గ్రౌండ్‌ని కాస్త బ్లర్ చేస్తాను. సారుకి ఎడమ నుంచి లైటు పడితే గదిలో కిటికీ కూడా ఎడమ వైపే పెడతాను. క్లీన్ అంచంటే కత్తిలాంటి అంచని నీ కెమెరావాళ్ళే అనుకుంటారు. అసలు మనిషికి అట్లాంటి అంచు ఎక్కడుంది?

ఈ మాటకి కెమెరామన్ దగ్గర జవాబు లేదు, ఉండక్కర్లేదు కూడా. బ్యాక్‌గ్రౌండ్ ఏదో తెలియకుండా గ్రీన్ మ్యాట్ ముందు లైట్లు పెట్టడం సగం పనే. అయితే ఎడిటర్ నెగ్గిన ఈ పాయింటు అతని మొదటి మాటని బలపరచదు. బ్యాక్‌గ్రౌండ్ ముందే ఎంచుకోవాలంటే అది కూడా షూటింగుకి ముందే తేలాల్సిన సంగతి అవుతుంది. వాదం తర్వాత సరిదిద్దుదామన్న చోటికి చేరలేదు, ఎడిటరే షూటింగు గదిలోకి వచ్చాడు. ఏఐకి కూడా ఇక్కడ న్యాయమైన చోటు ఉంది. శరీరం లోపలి గట్టి భాగాన్ని, గదిలో కోసెయ్యాల్సిన చెత్తని అది క్షణాల్లో పట్టేస్తుంది. అంచు వరకు మాత్రం తీసివేతే నమ్మకం.

ఎడిటర్: సరే, రేపటి సంగతి చెప్పు. బయాలజీ మేడమ్‌ది మామిడాకు పచ్చ పట్టుచీర, జరీ అంచు. మార్చుకొమ్మని ఎవరు చెప్తారు?

కెమెరామన్: ఎవరూ చెప్పక్కర్లేదు, గుడ్డ మార్చు. నీలం మ్యాట్ కట్టు. పచ్చ వాడేది దానికేదో మహిమ ఉండి కాదు. సెన్సర్లో సగం గళ్ళు పచ్చవే, వెలుగు లెక్కలో పచ్చ వాటా 72 శాతం, అందుకని అది శుభ్రంగా రికార్డవుతుంది. నీలం వాటా 7 శాతమే, నాయిస్ ఎక్కువ. అందుకే నీలానికి లైటు కొంచెం ఎక్కువ వేసి ఐఎస్ఓ తగ్గించాలి. జరీ అద్దంలాంటిది, ఎదురుగా ఏముంటే అదే చూపిస్తుంది. కొంగు మ్యాట్ వైపు తిరగకుండా మేడమ్‌ని కొంచెం పక్కకి నిలబెడితే చాలు. నీలం గాజులు ఉంటే మాత్రం ముందే చూసుకో. పాఠం మొదలయ్యే ముందు పది సెకన్లు తీసి, నీ లాప్‌టాప్‌లో కీలైట్ వేసి, క్లిప్ ఏదీ ముట్టుకోకుండా బ్లాక్ అండ్ వైట్‌లో చూడు, పోయేది నలుపు, ఉండేది తెలుపు. నలుపులో బూడిద మరకలుంటే లైటు జరుపుతాను, తెలుపులో చిల్లులుంటే మేడమ్‌ని ముందుకి జరుపుతాను.

ఎడిటర్: అంటే నేను పొద్దున ఏడింటికి లాప్‌టాప్ తీసుకుని షూటింగుకి రావాలంటావు.

కెమెరామన్: మొదటి రోజు ఒక్కసారి రా, తర్వాత నేను చూసుకుంటాను.

ఎడిటర్: వస్తాను గానీ అన్నా, ఓనరు నాకు ఇచ్చేది వీడియోకి ఇంతని. ఆ పొద్దుటి గంటకి బిల్లు నీ పేరు మీద రాయాలా, నా పేరు మీద రాయాలా?